ముసుగు కప్పుకున్న జలకన్య

ఆదివారం పొద్దున కాఫీ గ్లాసు చేతిలో పట్టుకుని రామతులసి ఆ రోజు చేయాల్సిన పనులన్నీ మొగుడికి గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. బెజవాడ వన్ టౌన్‌లో గోడౌన్‌కి వెళ్ళి జలకన్యను లారీ ఎక్కించాలి. బందరు రోడ్డు పట్టుకుని భోజనాల వేళకి రాట్నాల రేవు చేరాలి. గేటు ముందు జలకన్యను నిలబెట్టాలి. ఎండ చల్లబడ్డాక జెయింట్ వీల్ తిప్పాలి. జనం వస్తారు, ఎక్కుతారు, దిగుతారు, మళ్ళీ ఎక్కుతారు.

"అంతేనా?" అన్నాడు రామకోటేశ్వరరావు.

"అంతేనండీ. ఇందులో కష్టమేముంది?"

రామకోటేశ్వరరావు ఉద్యోగమంతా బీమా కంపెనీలో చేసి రిటైరయ్యాడు. ఏ పనిలో ఏ ప్రమాదం పొంచి ఉందో ముందే ఊహించడం అక్కడ ఆయనకు జీతమిచ్చి నేర్పిన విద్య. రామతులసికి ఆ విద్య అబ్బలేదు. బెంజ్ సర్కిల్ దగ్గర మంగళగిరి చీరల షాపు నడుపుతూ, నచ్చలేదని లేచిన మనిషి చేతే అదే చీర రెండు రంగుల్లో కొనిపించిన అనుభవం ఆమెది. అనుకున్న పని జరగకపోవడమనేది ఇతరుల ఇళ్ళల్లో సంభవించే విషయమని ఆమె నమ్మకం.

"జనం వస్తారంటావా తులసీ?"

"ఎందుకు రారు? జలకన్య వస్తోందిగా!"

రాట్నాల రేవు బందరు దాటాక సముద్రం ఒడ్డున ఉన్న చిన్న తీరం. ఒకప్పుడు ఆ చుట్టుపక్కల జిల్లాల్లో వేసవి సెలవులంటే రాట్నాల రేవే. రంగులరాట్నం, జెయింట్ వీల్, పిల్లల రైలు, మనిషిని పొట్టిగా లావుగా చూపించే అద్దాల గది, దారి పొడుగునా పిడత కింద పప్పు బళ్ళు. గేటు దగ్గర నిలువెత్తు జలకన్య బొమ్మ. దాని పక్కన నిలబడి ఫొటో దిగకుండా ఇంటికి తిరిగి వెళ్ళిన కుటుంబం లేదు. రామతులసి నాన్న అక్కడ రాట్నం తిప్పించేవాడు. తర్వాత ఒక పెద్ద తుఫాను సగం రేవును ఎత్తుకుపోయింది. మిగిలిన సగాన్ని టీవీలూ, సెల్‌ఫోన్లూ, బెజవాడ మాల్సూ కలిసి పంచుకున్నాయి.

ఇన్నేళ్ళకు పంచాయతీ వాళ్ళు ఆ స్థలం లీజుకిస్తామన్నారు. రొయ్యల చెరువుల వాళ్ళు అందరికంటే ముందొచ్చి కూర్చున్నారు. మా నాన్న రాట్నం తిప్పిన చోట రొయ్యలు ఈదడానికి వీల్లేదని రామతులసి వెళ్ళి సర్పంచి నతానియేలు ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. నతానియేలు ఎవరికీ కాదని చెప్పలేని మనిషి. బాగా ఆలోచించి మధ్యేమార్గం కనిపెట్టాడు.

"ఒక ఆదివారం మీరు తెరిచి చూపించండి మేడమ్. జనం వచ్చారా, రేవు మీది. రాలేదా, రొయ్యలది."

ఆ ఆదివారం ఇదే. జెయింట్ వీలూ, పిల్లల రైలూ తెప్పించి బిగించారు. ఇంజనీరు వచ్చి పరీక్ష చేసి సరేనన్నాడు. చుట్టాలకీ, షాపు కస్టమర్లకీ రామతులసి వాట్సాప్‌లో పంపిన ఆహ్వానానికి బోలెడన్ని దణ్ణాల బొమ్మలు వచ్చాయి. వస్తానని మాటల్లో చెప్పింది మాత్రం మంగళగిరిలో ఉన్న పిన్ని ఒక్కతే. అదీ మోకాళ్ళు సహకరిస్తే.

గోడౌన్‌లో జలకన్య మిరపకాయ బస్తాల వెనక నిలబడి ఉంది. రేవు సామాను వేలంలో కొన్న షావుకారు ఇనుమంతా అమ్ముకున్నాడు గానీ, ఈవిడను కొనేవాళ్ళు దొరక్క ఆ మూల పడేశాడు. కూలీలు తుమ్ముతూ, కళ్ళు తుడుచుకుంటూ ఆమెను వెలుతుర్లోకి తెచ్చారు. ఫైబర్ బొమ్మ కావడంతో ఎత్తుకి తగ్గ బరువు లేదు. నడుం దాకా ఆడమనిషి, అక్కడి నుంచి చేప. కుడిచెయ్యి పైకెత్తి శంఖం పట్టుకుని ఉంది. రంగు కాస్త వెలిసింది గానీ నవ్వు మాత్రం చెక్కు చెదరలేదు.

రామతులసి కళ్ళార్పకుండా చూసింది. రామకోటేశ్వరరావు కూడా కళ్ళార్పకుండా చూశాడు కానీ అది వేరే సంగతి.

"తులసీ... పైన బట్టలేం లేవు."

"జలకన్యకి బట్టలేంటండీ? గవ్వలున్నాయిగా."

"రెండే ఉన్నాయి."

రామతులసి అప్పుడు చూసింది. చిన్నప్పుడు ఎన్ని వందలసార్లు ఈ బొమ్మ పక్కన నిలబడినా ఈ విషయం ఎప్పుడూ తోచలేదు.

"ఆదివారం పూట గుడికెళ్ళేవాళ్ళూ, చర్చికెళ్ళేవాళ్ళూ అందరూ రోడ్డు మీదే ఉంటారు. బెంజ్ సర్కిల్లో సిగ్నల్ పడితే ఏంటి మన పరిస్థితి?" అన్నాడాయన.

ఈసారి ఆయన మాటలో పస ఉందని ఆమె ఒప్పుకోక తప్పలేదు. కారు డిక్కీలో షాపుకి తీసుకెళ్ళాల్సిన చీరల మూట ఉంది. చెంగావి రంగు చీర తీసి కట్టబోయింది. కుచ్చిళ్ళు పెడదామంటే కాళ్ళు లేవు. బొడ్డులో దోపుదామంటే పొలుసులు. చివరికి విసుగొచ్చి, తల నుంచి తోక దాకా నాలుగైదు చీరలు చుట్టించి తాళ్ళతో బిగించి కట్టించింది.

"ఇదే నయం! అక్కడికెళ్ళాక అందరి ముందూ ముసుగు తీద్దాం. ఆ మజాయే వేరు," అంది.

ముసుగు కప్పి లారీ మీద నిలబెట్టాక జలకన్య రూపం మారిపోయింది. ఇప్పుడు చూస్తే, కుడిచెయ్యి పైకెత్తి ప్రజలకు దారి చూపిస్తున్న ఎవరో మహానుభావుడి విగ్రహం ఆవిష్కరణకు బయల్దేరినట్టుంది. రామకోటేశ్వరరావుకి ఆ అనుమానం వచ్చింది. కానీ పొద్దుటి నుంచి ఇప్పటికే చాలా అభ్యంతరాలు చెప్పి ఉన్నాడు కాబట్టి ఇదొక్కటి దాచుకున్నాడు.

లారీ డ్రైవర్ పేరు జాన్‌బాబు. మర్యాదస్తుడు. ఎవరేం అడిగినా "ఆఁ, అంతేనండి" అంటాడు. కాదంటే ఎందుకు కాదో చెప్పాలి, అవునంటే అవతలివాళ్ళు సంతోషంగా వెళ్ళిపోతారు అని అతని సిద్ధాంతం. ఆ సిద్ధాంతం వల్ల ఇంతవరకూ ఎవరితోనూ గొడవ పడలేదు.

"జాన్‌బాబూ, దార్లో ఎవరడిగినా లోపలేముందో చెప్పకు. సస్పెన్స్!" అంది రామతులసి.

"ఎందుకు చెబుతానండి మేడమ్? నా నోటి నుంచి ఒక్క ముక్క రాదు," అని మాటిచ్చాడు. ఆ మాట చివరిదాకా నిలబెట్టుకున్నాడు కూడా. అదే వచ్చిన చిక్కు.

లారీ ముందు, వెనకాల మొగుడూ పెళ్ళాల కారు. బెంజ్ సర్కిల్ దగ్గర అనుకున్నట్టే సిగ్నల్ పడింది. బండి మీద వెళ్తున్న ఒక కుర్రాడు లారీ పక్కన ఆగి పైకి చూశాడు.

"ఎవరి విగ్రహం బాబాయ్?"

"చెప్పకూడదండి."

"మన నాయకుడిదేగా? ఆ చెయ్యి చూస్తే తెలవట్లా!"

"ఆఁ, అంతేనండి."

కుర్రాడు ఫొటో తీసి ఎవరికో పంపాడు. సిగ్నల్ మారింది. కంకిపాడు దాటేసరికి లారీ పక్కన పది బళ్ళు పరిగెత్తుతున్నాయి. ఉయ్యూరు దాటాక ఒక టీ కొట్టు దగ్గర జాన్‌బాబు ఆగితే, అక్కడ కూర్చున్నవాళ్ళు లేచి వచ్చారు. వీళ్ళు ఆ కుర్రాడి నాయకుడి పేరు వింటేనే టీ గ్లాసు కింద పెట్టేసే రకం.

"పెద్దాయన విగ్రహమేనా డ్రైవరూ? ఎంతకాలం నుంచి అడుగుతున్నామో, ఇన్నాళ్ళకి కదిలారన్నమాట!"

"ఆఁ, అంతేనండి," అన్నాడు జాన్‌బాబు, టీ ఊదుకుంటూ.

పామర్రు దగ్గర పూలమ్ముకునే సీతమ్మ ఎదురొచ్చింది. చెంగావి చీర చూసి అక్కడికక్కడే చెప్పులు విడిచి దణ్ణం పెట్టుకుంది.

"అమ్మవారా నాయనా? సముద్రానికి తీసుకెళ్తున్నారా?"

సముద్రానికి తీసుకెళ్తున్న మాట నిజమే కాబట్టి జాన్‌బాబుకి ఈసారి మనస్సాక్షి ఇబ్బంది కూడా లేకపోయింది. "ఆఁ, అంతేనమ్మా." సీతమ్మ లారీ ముందు కొబ్బరికాయ కొట్టి, పూలబుట్ట, హారతి పళ్ళెం పట్టుకుని, తనలాంటి మరికొందరు ఆడవాళ్ళను పోగేసి ఆటో ఎక్కేసింది.

ఈ సంభాషణలేవీ కారులో అద్దాలు మూసుకుని కూర్చున్న రామతులసికి వినపడలేదు. ఆమెకు కనపడిందల్లా జనం. ముందు బళ్ళు, తర్వాత ఆటోలు, ఆ తర్వాత రెండు ట్రాక్టర్లు. ఎవరో బాణసంచా కాల్చారు. ఎవరో లారీ మీదికి పూలు విసిరారు. ఆమె కిటికీ అద్దం దించి అందరికీ చెయ్యి ఊపింది.

"చూశారా! రారన్నారు. వాట్సాప్‌లో దణ్ణాలు పెట్టినవాళ్ళంతా వచ్చేశారు."

రామకోటేశ్వరరావు బళ్ళకేసి చూశాడు. "తులసీ, మన చుట్టాల దగ్గర జెండాలెందుకుంటాయి?"

"సంబరం కదండీ!"

"అవి రెండు రకాల జెండాలు."

అంతలో సర్పంచి నతానియేలు ఫోన్ చేశాడు. "మేడమ్, మీరేదో విగ్రహం తెస్తున్నారంట?"

"మీదాకా వచ్చిందా కబురు?" అంది రామతులసి మురిసిపోతూ.

"ఎవరిదండీ అది? రెండు పక్కల నుంచీ ఫోన్లు. ఒకళ్ళు గజమాల ఎక్కడ దొరుకుద్దంటారు. ఇంకొకళ్ళు ఎట్టా పెడతారో చూస్తామంటారు. మళ్ళీ పావుగంటకి ఎట్టా పెడతారన్నవాళ్ళే గజమాలంటారు, గజమాలన్నవాళ్ళు ఎట్టా పెడతారంటారు. నాకేం పాలుపోవట్లా."

"ఎవరిదో ఇప్పుడు చెప్పనండీ, సస్పెన్స్. మనమంతా చిన్నప్పటి నుంచీ అభిమానించినదే. చూడగానే మీరే గుర్తుపడతారు."

"అభిమానించినవారా? ఏ పక్క వారండీ?"

"అన్ని పక్కల వాళ్ళూనండీ! ఇద్దర్నీ రమ్మనండి. ఎంతమందొస్తే అంత మంచిది మనకి."

అవతల నతానియేలు దేవుణ్ణి తలుచుకోవడం స్పష్టంగా వినిపించింది.

బందరు దాటి రాట్నాల రేవు వైపు తిరిగే అడ్డరోడ్డు దగ్గర పోలీసు జీపు అడ్డంగా ఆగి ఉంది. ఎస్సై బ్లెస్సీ చెయ్యి చూపించి లారీ ఆపింది. వెనకున్న ఊరేగింపంతా ఒకదాన్నొకటి గుద్దుకోకుండా ఎలాగో ఆగింది. రామతులసి దిగి నవ్వుతూ ముందుకెళ్ళింది.

"విగ్రహం పెట్టడానికి పర్మిషన్ ఉందా మేడమ్?" అంది బ్లెస్సీ.

"బొమ్మకి పర్మిషనెందుకండీ? అది జలకన్య."

బ్లెస్సీ ఆమె వెనక ఉన్న జనాన్ని చూసింది. ఎడం పక్కన గజమాల మోస్తున్నవాళ్ళు, కుడి పక్కన మరో గజమాల మోస్తున్నవాళ్ళు, మధ్యలో హారతి పళ్ళేలు. "మేడమ్, ఇంతమంది మధ్యలో జోకులొద్దు. ముసుగు తీయండి, నేను చూడాలి."

"తీయడానికి వీల్లేదు!" అన్నాడు గళ్ళ చొక్కా వేసుకున్న మీసాల మనిషి. పేరు హర్షవర్ధన్ అని వెనకవాళ్ళ కేకల్లోనే తెలుస్తోంది, మొదటి జెండా వాళ్ళకు పెద్ద. "మా నాయకుడి ముసుగు అడ్డరోడ్డులో తీస్తారా? అవమానం!"

"నీ నాయకుడెవరయ్యా ఇందులో?" అంటూ రెండో జెండా నుంచి కిరీటి దూసుకొచ్చాడు. "లోపలున్నది మా పెద్దాయన. ముహూర్తం లేకుండా చెయ్యేస్తే ఊరుకోం."

"మీ ఇద్దరి కళ్ళూ పోనూ!" అని సీతమ్మ ఆటోలోంచి దిగింది. "నడిరోడ్డు మీద అమ్మవారి చీర లాగుతారంట్రా? సిగ్గులేదూ!"

రామతులసి ముగ్గురినీ మార్చి మార్చి చూసింది. పొద్దుటి నుంచి తను చెయ్యి ఊపింది ఎవరికో ఆమెకు మెల్లగా బోధపడింది. జాన్‌బాబు వైపు తిరిగింది.

"ఏం చెప్పావయ్యా వీళ్ళకి?"

"ఒట్టండి మేడమ్, నేనేం చెప్పలేదు. వాళ్ళే చెప్పారు. నేను ఆఁ అన్నానంతే."

"అందరూ వినండి! ఇందులో నాయకుడూ లేడు, పెద్దాయనా లేడు. జలకన్య ఉంది, జలకన్య!" అని రామతులసి గొంతు చించుకుంది. హర్షవర్ధన్ పగలబడి నవ్వాడు. "కంగారు పడకండి మేడమ్. పోలీసుల ముందు అట్టాగే చెప్పాలిలే, మాకు తెలుసు," అని కన్ను కొట్టాడు. కిరీటి కూడా సరిగ్గా ఆ మాటే అని, ఇంకా గౌరవంగా దణ్ణం పెట్టాడు.

ముసుగు అక్కడ తీయకూడదన్న ఒక్క విషయంలో మూడు వర్గాలూ ఒకటైపోయాయి. బ్లెస్సీకి మరో దారి లేదు. "సరే. రేవులోనే తీద్దాం. నా కళ్ళ ముందే తీయాలి. అందాకా నేనే ముందుంటాను," అని జీపెక్కింది.

దాంతో ముందు సైరన్ మోగిస్తూ పోలీసు జీపు, వెనక ముసుగు విగ్రహం, ఆ వెనక ఇన్ని బళ్ళు. దారిలో ఊళ్ళవాళ్ళు ఇళ్ళలోంచి బయటికి వచ్చి చూశారు. పోలీసులే దగ్గరుండి తీసుకెళ్తున్నారంటే ఇది ఎంత పెద్ద విషయమోనని వాళ్ళూ బయల్దేరారు. భోజనాలు మధ్యలో వదిలేసి చెయ్యి కడుక్కుంటూ వచ్చినవాళ్ళున్నారు.

"తులసీ," అన్నాడు రామకోటేశ్వరరావు కారులో. "వెనక్కి తిప్పేద్దామా?"

రామతులసి అద్దంలోంచి వెనక్కి చూసింది. తిప్పడానికి రోడ్డు కనపడలేదు. జనమే కనపడ్డారు.

"జనం కావాలన్నాం, వచ్చారు. మనం పిలిచినందుకు రాలేదు, అంతే కదండీ తేడా," అంది. గొంతు మామూలుగానే ఉంది. చేతిలో రుమాలు మాత్రం తాడులా మెలి తిరిగిపోయింది.

రేవు దగ్గర తారు రోడ్డు అయిపోయి ఇసుక మొదలయ్యే చోట లారీ చక్రాలు కూరుకుపోయాయి. జాన్‌బాబు గేరు మార్చిన కొద్దీ ఇంకా దిగబడ్డాయి. గేటు దూరంగా రంగురంగుల కాగితాలతో ఎదురుచూస్తోంది. నతానియేలు గేటు దగ్గర నుంచి పరుగెత్తుకొచ్చి, జనాన్ని చూసి, వచ్చిన పనేంటో మర్చిపోయి అక్కడే నిలబడ్డాడు.

"ఇక్కడే తీసేయండి," అంది బ్లెస్సీ.

ఎవరు తీయాలన్న దగ్గర మళ్ళీ గొడవ. మేమంటే మేమని తోసుకున్నారు. బ్లెస్సీ లాఠీతో లారీ మీద ఒక్కటి కొట్టింది. "ముగ్గురూ ఎక్కండి. తలా ఓ కొస పట్టుకోండి. నేను చెప్పినప్పుడు లాగండి."

హర్షవర్ధన్ ఒక కొస పట్టుకున్నాడు. కిరీటి ఒక కొస. సీతమ్మ కళ్ళు మూసుకుని మూడో కొస. జాన్‌బాబు ముడులు విప్పాడు. రెండు వైపుల నుంచీ జిందాబాద్‌లు మిన్నంటాయి. బ్లెస్సీ తల ఊపింది. చీరలు జారాయి.

జిందాబాద్ సగంలో ఆగింది. సముద్రం హోరు ఒక్కటే మిగిలింది. ఎత్తిన చేతిలో శంఖం, మెరిసే పొలుసులు, వంపు తిరిగిన తోక, చెక్కు చెదరని నవ్వు. రెండు గవ్వలు.

"మా నాయకుడేడి?" అన్నాడు హర్షవర్ధన్.

"మా పెద్దాయన్ని ఏం చేశారు?" అన్నాడు కిరీటి. వెంటనే ఒకరినొకరు చూసుకున్నారు. "దార్లో మార్చేసింది మీరే!" అని ఇద్దరూ ఒకేసారి అరిచారు. కింద జనంలో తోపులాట మొదలైంది. ఎవరో చెప్పు విసిరితే రాంగ్ అడ్రసుకి చేరింది. ఎవరో లారీ మీదికి ఎక్కబోతూ జలకన్య తోక పట్టుకున్నారు. తోక కిర్రుమంది.

ఆ చప్పుడు రామతులసి చెవిన పడింది. ఇంకాసేపుంటే తోక విరుగుతుంది, ఆ తర్వాత తలకాయలు విరుగుతాయి, రేపట్నుంచి ఇక్కడ రొయ్యలు ఈదుతాయి. రామకోటేశ్వరరావు ఈ గొడవలో నలగకుండా ప్రారంభోత్సవానికి తెచ్చిన బ్యాటరీ మైకును గుండెకి హత్తుకుని నిలబడి ఉన్నాడు. ఆమె దాన్ని లాక్కుని లారీ ఎక్కింది.

ఏం చెప్పాలో తెలియలేదు. నిజం ఇందాకే చెప్పింది, ఎవరూ నమ్మలేదు. అప్పుడు నాన్న గుర్తొచ్చాడు. ఇదే రేవులో ప్రతి సాయంత్రం ఆయన మైకులో ఒకే రాగంలో సాగదీసి చెప్పే మాటలు గుర్తొచ్చాయి. ఆమె కళ్ళు మూసుకుని ఆ రాగం అందుకుంది.

"దయచేసి వినండీ... దయచేసి వినండీ... గళ్ళ చొక్కా వేసుకున్న బాబు, పేరు హర్షవర్ధన్, తప్పిపోయినాడు. వాళ్ళమ్మగారు జలకన్య దగ్గర ఏడుస్తూ ఉన్నారు. బాబు ఎక్కడున్నా వెంటనే జలకన్య దగ్గరకి రావలెను..."

ఒక చేత్తో కిరీటి కాలరు పట్టుకున్న హర్షవర్ధన్ రెండో చెయ్యి గాల్లో ఆగిపోయింది. జనంలో నడివయసు దాటిన తలకాయలన్నీ ఒక్కసారిగా ఇటు తిరిగాయి. రేవుకొచ్చిన ప్రతి తల్లీ తండ్రీ బస్సు దిగగానే పిల్లలకి చెప్పిన మొదటి మాట అది. తప్పిపోతే ఏడవకుండా జలకన్య దగ్గరకెళ్ళి నిలబడు.

హర్షవర్ధన్ తల ఎత్తి బొమ్మ మొహంలోకి చూశాడు. మీసాలు చిన్నగా వణికాయి. "తప్పిపోయానండీ," అన్నాడు. "నిజంగానే. చిన్నప్పుడు. ఈ తోక పట్టుకునే కూర్చున్నా. మా అమ్మ వచ్చి ముందు రెండు పీకింది, తర్వాత ఐస్ కొనిపెట్టింది."

"నువ్వెప్పుడో ఒకసారి తప్పిపోయుంటావు. మా చెల్లెలు వచ్చినప్పుడల్లా తప్పిపోయేది," అన్నాడు కిరీటి, కాలరు ఇంకా అవతలివాడి చేతిలో ఉండగానే. "ఫ్రీగా బిస్కెట్లిస్తారని."

"మా నాన్నే ఇచ్చేవాడు," అంది రామతులసి. మైకు ఇంకా నోటి దగ్గరే ఉంది కాబట్టి ఆ మాట రేవంతా వినపడింది.

ఇక ఆపడం ఎవరి తరమూ కాలేదు. మా పెళ్ళైన కొత్తలో అని ఒకరు, మా తాతయ్య సోడా గోళీ మింగింది ఇక్కడేనని ఒకరు. చెప్పు విసిరినవాడే వెతుక్కుంటూ వచ్చి చెప్పు తీసుకుని, తగిలినవాడికి తన చిన్నప్పటి ఫొటో కథ చెప్పాడు. అప్పటిదాకా కళ్ళు మూసుకునే ఉన్న సీతమ్మ ఇప్పుడు కళ్ళు తెరిచి తోకను తేరిపార చూసింది.

"పిన్నీ, అమ్మవారు కాదంట. చేప," అన్నారెవరో.

"తప్పిపోయిన పిల్లల్ని తల్లి దగ్గరికి చేర్చేదాన్ని ఇంకేమంటార్రా?" అని సీతమ్మ గద్దించి, జలకన్య నుదుట బొట్టు పెట్టింది. ఆ తర్వాత గవ్వలకేసి చూసి, చెంగావి చీర తీసి భుజాల చుట్టూ కప్పింది.

ఎండ చల్లబడకముందే జెయింట్ వీల్ తిరగడం మొదలైంది. హర్షవర్ధన్‌నీ కిరీటినీ కళ్ళ ముందు ఉంచుకోవడం క్షేమమని బ్లెస్సీ ఇద్దర్నీ ఒకే తొట్టిలో కూర్చోబెట్టింది. పైకెళ్ళినప్పుడు ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు గట్టిగా పట్టుకున్నారు. కిందికొచ్చినప్పుడల్లా వదిలేశారు. రెండు గజమాలల్లో ఒకటి జలకన్య మెడలో పడింది, రెండోది పిల్లల రైలు ఇంజనుకి వేశారు. రామకోటేశ్వరరావు మైకు వెనక్కి తీసుకుని మళ్ళీ ఎవరికీ ఇవ్వలేదు. చేతులు బయట పెట్టకూడదు, తల బయట పెట్టకూడదు, తిరుగుతుండగా లేవకూడదు, తిన్న వెంటనే ఎక్కకూడదు అంటూ చీకటిపడేదాకా చెప్తూనే ఉన్నాడు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఇంతమంది ఆయన మాట విన్నది లేదు.

పిడత కింద పప్పు బండి నతానియేలు దాకా వచ్చేసరికి అడుగంటింది. ఖాళీ పొట్లం చేత్తో పట్టుకునే ఆయన రామతులసి దగ్గరకి వచ్చాడు.

"రేవు మీదే మేడమ్. రొయ్యల వాళ్ళు కూడా రైలెక్కారు, చూశాను. ఒక్క మనవి. వచ్చే ఆదివారం ఏం తెచ్చినా ముసుగు లేకుండా తీసుకురండి."

లారీని ఇసుకలోంచి లాగేటప్పుడు బొమ్మ ఊగి పడిపోతుంది, ముందు దించాలన్నారు. అందరూ కలిసి జలకన్యను లారీ దించి అక్కడే తారు రోడ్డు మధ్యలో నిలబెట్టి, లారీని బయటికి తోశారు. రేపు వచ్చి గేటు దగ్గరకి మారుద్దాంలే అనుకుంది రామతులసి.

మర్నాడు కూలీలతో వెళ్ళేసరికి జలకన్య కింద సిమెంటు దిమ్మ కట్టి ఉంది. ఇంకా ఆరలేదు. దిమ్మకి ఒక పక్క హర్షవర్ధన్ మనుషులు తమ రంగు వేస్తున్నారు, రెండో పక్క కిరీటి మనుషులు తమ రంగు. ముందువైపు సీతమ్మ పసుపు రాసింది. ఇద్దరు నాయకులూ పక్కపక్కనే నిలబడి, ప్రాణాలు పోయినా బొమ్మను కదలనివ్వమన్నారు. రామతులసి తన మాటకారితనమంతా ఉపయోగించింది. చీరలు కొనిపించినంత తేలిక కాదని తెలిసి, తిన్నగా పోలీస్ స్టేషన్‌కి వెళ్ళింది.

"అది మా పార్కు బొమ్మండీ. గేటు దగ్గర ఉండాల్సింది. నడిరోడ్డు మీదుంటే బస్సులెట్టా వెళ్తాయి?"

బ్లెస్సీ సావధానంగా విని, కుర్చీలో వెనక్కి వాలింది.

"విగ్రహం తీయడానికి పర్మిషన్ ఉందా మేడమ్?"

రాట్నాల రేవుకి ఇప్పుడు ఏ ఆదివారం చూసినా బస్సులు కిక్కిరిసి వస్తున్నాయి. వచ్చిన ప్రతి బండీ జలకన్యను ఒక చుట్టు చుట్టుకునే లోపలికి వెళ్ళాలి. మొక్కేవాళ్ళు మొక్కుతారు, మిగతావాళ్ళు హారన్ కొడతారు.